చాటింపు మాటలు

కొత్తపేట,
10 జూలై 2011

మామకు,

నేను, మీ అల్లుడు తిరుపతిని, రాస్తున్నాను. నీకు ఫోన్‌లో వినపడదు కాబట్టి ఇన్నాళ్ళూ ఏ సంగతైనా అమ్మతోనే చెప్పించాను. అమ్మ నా మాటలు నీకు ఉన్నవున్నట్టు చెప్పడం లేదని మొన్న తెలిసింది. "నువ్వు కంప్యూటర్ల నౌకరి చేస్తున్నవని మీ మామకు చెప్పిన. గట్లనే ఉండనియ్యి" అన్నది. అందుకే ఈ ఉత్తరం.

నాది కంప్యూటర్ ఉద్యోగం కాదు. రైతు బజారు వెనక మైక్ సెట్లు కిరాయికిచ్చే షాపులో పని. డిగ్రీ పరీక్షలు బంద్‌లతో వాయిదా పడుతూనే ఉన్నాయి. సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాను, పాడతాను కూడా. మేం వాయించేదాన్ని హెవీ మెటల్ అంటారు. గిటార్లకు కరెంటు ఇచ్చి, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా వాయిస్తారు. పాడేవాడు పాడడు, గొంతు చించుకుంటాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు తలనొప్పి వచ్చింది. రెండోసారి విన్నప్పుడు, మనిషి ఇంత గట్టిగా కూడా ఉండవచ్చా అనిపించింది. మన వాడలో పిల్లవాడు గట్టిగా ఏడిస్తే నోరు మూసేవాళ్ళు కదా, దొర ఉండే గడికి వినపడుతుందని.

గిటారు వాయించేవాడి పేరు రవితేజ. గుంటూరు వాళ్ళు. వాళ్ళ నాన్న పట్టాభి గారు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. ఆ సెంటర్ సెల్లారులోనే మా ప్రాక్టీసు.

నీతో పని ఉండి రాస్తున్నాను. అంతయ్య తాత ఇంటిని వెలేసినప్పుడు, దొర ఆ చాటింపు తాతతోనే వేయించాడు కదా. దాని మీద ఒక పాట కట్టాను. పాటలో తాత ఆ రోజు అన్న మాటలే ఉండాలి. అమ్మను అడిగితే చెప్పిన ప్రతిసారీ మారుస్తుంది, చివర్లో ఏడుస్తుంది. నువ్వు అప్పుడు అక్కడే ఉన్నావు. ఆ మాటలు రాసి పంపు. మా ఫొటో ఒకటి పెడుతున్నాను.

అల్లుడు
తిరుపతి

---

రాళ్ళకుంట,
22 జూలై 2011

తిరుపతికి మీ మామ మట్టయ్య రాయించకుండా తానే రాసుకున్న జాబు.

ఫొటో మీ అమ్మకు చూపించలేదు. నేను పనిచేసే పంచాయతీ నీళ్ళ ట్యాంకు గదిలో దాచాను. నల్ల బట్టలు, రొమ్ము మీద పుర్రె బొమ్మ, భుజాల దాకా జుట్టు. చావులకు వాయించే బ్యాండని నువ్వు రాయకపోయినా బొమ్మ చూస్తే తెలుస్తున్నది. పట్నంలో చావులు ఎక్కువ కాబట్టి గిరాకీ బాగానే ఉండవచ్చు.

నేను డప్పు అటక మీద పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అంతకుముందు ఎవరింట్లో పీనుగ లేచినా పోవాలి, కొట్టాలి, పెట్టింది తినాలి. జ్వరమొచ్చి పోకపోతే మనిషిని పంపి లాక్కుపోయేవారు. వాడలో మగవాళ్ళం కూర్చుని, చావులకు ఇక కొట్టేది లేదని అనుకున్నాం. ఆ తర్వాత నేను కంకర మిషన్‌లో చేరాను. చెవులు అక్కడ పోయాయి. పోయినందుకు పెద్దగా బాధపడలేదు. పిలిస్తే వినపడదు, వినపడకపోతే పోనక్కరలేదు.

నీ చదువుకు మీ అమ్మ ఎండలో పత్తి ఏరింది. నువ్వు పట్నం పోయి మేం వదిలిందే పట్టుకున్నావు. దానికి ఇంగ్లీషు పేరు పెట్టావు.

ఒకటి అడుగుతున్నాను. తోలు దేని మీద కాస్తున్నారు? అక్కడ వరిగడ్డి దొరకదు. గ్యాసు పొయ్యి మీద కాస్తే పగులుతుంది. కొట్టేదే అయితే ఆ మాత్రం తెలుసుకుని కొట్టు.

మా నాయన మాటలు నేను రాయను. వానలు లేవు. మీ అమ్మ మోకాలు నొప్పి అట్లాగే ఉన్నది, ఫోన్‌లో తగ్గిందని చెబుతుంది.

ఊరికి నీళ్ళు వదలాలి, వాల్వు తిప్పే వేళయింది. ఉంటాను.

మట్టయ్య

---

కొత్తపేట,
4 ఆగస్టు 2011

మామా,

మేం ఏ చావుకూ వాయించం. మమ్మల్ని ఎవరూ పిలవరు, పిలవకపోయినా వాయిస్తాం. పుర్రె బొమ్మ ఈ సంగీతం వాళ్ళ అలవాటు. పెద్దవాళ్ళు దేన్ని చూసి దడుచుకుంటారో దాన్ని రొమ్ము మీద వేసుకోవడం, అంతే. కొన్ని దేశాల్లో ఈ పాటలు పాడితే పట్టుకుపోయి జుట్టు కత్తిరిస్తారని రవితేజ చెప్పాడు. అక్కడి పిల్లలు సెల్లార్లలో దాక్కుని వాయిస్తారట.

మా డ్రమ్ముకు తోలు లేదు, ప్లాస్టిక్ షీటు. కాచనక్కరలేదు. నువ్వు అడిగినదానికి రవితేజ నవ్వాడు. తర్వాత, "కాస్తే సౌండు ఎలా మారుతుందో మీ మామయ్యగారిని అడుగు" అన్నాడు.

సెల్లారు గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాం, చప్పుడు బయటికి పోకుండా. అయినా పోతుంది. రవితేజ నానమ్మ శేషారత్నం గారు ఒకరోజు ఇడ్లీలు తెచ్చి మెట్ల మీదే నిలబడ్డారు. "ఒరేయ్ అబ్బాయిలూ, మీకు ఇంత కోపం ఎవరి మీదరా?" అని అడిగారు. రవితేజ "ఎవరి మీదా కాదు నానమ్మా" అన్నాడు. నేను ఇడ్లీల గిన్నె అందుకున్నాను.

సెప్టెంబర్ 18న ఎల్.బి. నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా షో ఉంది. ఇప్పుడు మైకు పెట్టాలంటే పోలీస్ పర్మిషన్ కావాలి. స్టేషన్‌కు పోతే ఎస్సై అడిగాడు.

"ఏం పాటలు? తెలంగాణయా, సమైక్యాంధ్రయా?"

"రెండూ కాదు సార్."

"రెండూ కాకుంటే ఇంకేముంటయ్‌రా? మాటలన్నీ రాసుకరా. గొడవ లేపే మాట ఒక్కటున్నా హాలుకు తాళమేస్త."

ఉద్యమ కమిటీ పిల్లలు కూడా షాపుకు వచ్చారు. "మస్తు గొంతున్నది నీకు. మన ధూంధాం సభల పాడరాదు? గా ఆంధ్రా పోరన్ని ఎందుకు ఎంటేసుకొని తిరుగుతున్నవ్?" అన్నారు. నేను వాళ్ళ ఊరేగింపుల్లో నడిచినవాణ్ణే. తెలంగాణ నాకూ కావాలి. కానీ ఏ పాట పాడాలో, ఎవరితో పాడాలో వాళ్ళు చెప్పడం నచ్చలేదు.

రవితేజ ఒక ఉపాయం చెప్పాడు. "స్టేషన్‌లో ఏదో వానపాట రాసిచ్చేద్దాం. స్టేజి మీద నువ్వెలాగూ అరుస్తావు. నువ్వు ఏం అంటున్నావో నాకే అర్థం కాదు, వాళ్ళకేం అర్థమవుతుంది?" అన్నాడు. అట్లాగే చేస్తున్నాం. తాత మాటలు నువ్వు పంపితే ఎవరికీ తెలియకుండా అందరి ముందూ పాడతాను.

తిరుపతి

---

రాళ్ళకుంట,
19 ఆగస్టు 2011

అల్లుడికి,

నీ ఉత్తరం చదివాను. చావులకు కాదని రాశావు, నమ్ముతున్నాను. తోలు కాస్తే దెబ్బ దూరం పోతుందని ఆ అబ్బాయికి చెప్పు. చల్లారితే కొట్టినవాడి దగ్గరే ఆగిపోతుంది.

చాటింపు సంగతి రాస్తున్నాను. అప్పుడు నేను రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, కూలి పెంచాలని వాడ తరఫున కలెక్టరుకు అర్జీ రాశాను. అర్జీ దొర చేతికి వచ్చింది. దొర అంటే ఇప్పటి గంగాధరరావు వాళ్ళ నాయన. పొద్దున్నే మా నాయనను గడికి పిలిచాడు. చాటింపు అంటే నీకు తెలుసు. దరువు మాది, మాట వాళ్ళది. వాళ్ళు ఏది చెప్పి పంపితే దాన్ని మూల మూలకు నిలబడి చెప్పాలి. ఆ రోజు చెప్పి పంపిన మాటలు ఇవి:

"వినుండ్రయ్యా వినుండ్రి. రాళ్ళకుంట మాదిగ అంతయ్య ఇంటికి నిప్పియ్యొద్దు, నీళ్ళియ్యొద్దు. అంతయ్యను పనికి పిలువొద్దు. అంతయ్యతోని మాట్లాడొద్దు. మాట్లాడినోళ్ళకు గిదే గతి. ఇది దొర మాట."

నేను వెనక నడిచాను. తన పేరు వచ్చిన చోట గొంతు తగ్గిస్తాడేమోనని చూశాను. తగ్గించలేదు. ఎవరి పేరైనా ఎంత గట్టిగా అనేవాడో అంత గట్టిగానే అన్నాడు. ఇంటికి వచ్చి డప్పు కొయ్యకు తగిలించి మంచినీళ్ళు అడిగాడు. మీ అమ్మ అప్పటికే బావి దగ్గరి నుంచి ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది.

ఈ మాటలు నీకు ఇస్తున్నాను కాబట్టి ఒకటి చెబుతాను. ఎవరికీ అర్థం కాకుండా అరుస్తానని రాశావు. అర్థం కాని చోట నీకు భయం లేదు, వాళ్ళకూ భయం లేదు. మా నాయన తన పేరు తాను నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. చెప్పించిన మాట కాబట్టి చెప్పాడు. నువ్వు నీ అంతట నువ్వు చెప్పేవాడివి, నీకు దాపరికం ఎందుకు? వానపాట రాసిచ్చి వెలిపాట అరిస్తే స్టేషన్‌లో ఉన్నది వానపాటే. నీ మాట నీదైతే విడమరిచి చెప్పు. లేకపోతే గిటారు వాయించుకోండి, బాగానే ఉంటుంది.

గంగాధరరావు ఇప్పుడు మండలంలో ఉద్యమ నాయకుడు. దీక్ష టెంటులో ముందు వరుసలో కూర్చుంటాడు. పంచాయతీ కూడా ఆయన చేతిలోనే ఉంది. మొన్న మన ఇంటికి వచ్చాడు. ఆ ఇంటి మనిషి మన గడప దగ్గరికి రావడం ఇదే మొదలు. ఆయన మాటలు మీ అమ్మ నా చెవిలో అరిచి చెప్పింది. "మట్టన్నా, పాతయి మనసుల పెట్టుకోకు. ఇప్పుడు మనమంత ఒక్కటే. వచ్చే నెల పదహారు తారీఖున ఊరేగింపున్నది, డప్పు దియ్యి" అన్నాడట. ఆయన మాత్రం అంతకంటే చాలాసేపు మాట్లాడాడు. మిగతాది ఏమిటో మీ అమ్మ చెప్పలేదు.

డప్పు ఇంకా అటక మీదే ఉంది.

మట్టయ్య

---

కొత్తపేట,
5 సెప్టెంబర్ 2011

మామా,

తాత మాటలు అందాయి. పాటలో పెట్టాను.

నిన్న అమ్మకు ఫోన్ చేశాను. నువ్వు డప్పు అటక మీది నుంచి దించావని, చింతగింజల అంబలితో కొత్త తోలు అంటించావని చెప్పింది. సంతోషంగా చెప్పింది. గంగాధరరావు నీకు ట్యాంకు పని పర్మినెంటు చేయిస్తానన్నాడట. నువ్వు వినకుండా మిగిలిపోయిన మాటలు అవేనేమో.

ఆయన మనిషి ఒకడు ఇక్కడికి కూడా వచ్చాడు. మన ఊరివాడే షాపులో పని చేస్తున్నాడని, దొర చాటింపు మీద పాట కట్టాడని కమిటీ పిల్లలు చెప్పారట. మా ఓనర్ ముందే నిలబెట్టి, "పాటల ఊరి పేరు తియ్యి, దొర మాట తియ్యి. రాష్ట్రం రావాల్నంటే మన లోపటి లొల్లి బయట పడొద్దు. తెలంగాణ వచ్చినంక పాడుకో, ఎవ్వలొద్దన్నరు?" అన్నాడు. వాడు కోపంగా అనలేదు. బతిమాలినట్టే అన్నాడు. అందుకే ఎక్కువ భయమేసింది. ఓనర్ అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. షోకు డ్రమ్ములు ఈ షాపువే.

మామా, మాట ఎవరిదో చూసుకోమని నాకు రాశావు. ఆయన ముందు నడుస్తుంటే నువ్వు వెనక నిలబడి కొట్టే దరువు ఎవరిది? నేను అర్థం కాకుండా అరుస్తున్నందుకు దాపరికం అన్నావు. నీది ఏమిటి?

స్టేషన్‌లో వానపాట తీసుకున్నారు. పర్మిషన్ వచ్చింది.

తిరుపతి

---

రాళ్ళకుంట,
17 సెప్టెంబర్ 2011

అల్లుడికి,

నీ ఉత్తరానికి జవాబు నిన్న దొరికింది.

ఊరేగింపుకు పోయాను. బడి వెనక వరిగడ్డి మంట వేసి డప్పు కాచాను. చెవులు పని చేయకపోయినా తోలు కాగింది లేనిది వేలికి తెలుస్తుంది. గంగాధరరావు మెడలో గులాబీ కండువా, దండలు, ముందు నడుస్తున్నాడు. వెనక ఊరంతా ఉన్నది. వాళ్ళు అరిచేది నాకు వినపడదు, నోళ్ళు తెరుచుకోవడం చూశాను. జై కొడుతున్నారని తెలుసు. వాళ్ళకు కావలసిందే నాకూ కావాలి, అందులో అబద్ధం లేదు.

నేను చావు దరువు ఎత్తుకున్నాను.

కొంతసేపటికి నోళ్ళు మూతపడ్డాయి. మన వాడ ముసలివాళ్ళు ముందు తెలుసుకున్నారు. అండాలమ్మ వాకిట్లోకి వచ్చి, పీనుగ పోయాక చల్లినట్టు చెంబుతో నీళ్ళు చల్లి లోపలికి పోయింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు చల్లారు. గంగాధరరావు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. చెవి చూపించి, "ఇనరాదు దొరా. ఏ దెబ్బ పడ్డదో నాకేం ఎరుక?" అన్నాను. ఆయన ముఖం వాళ్ళ నాయన ముఖంలా అయింది. అందరి ముందూ ఏమీ అనలేక మళ్ళీ నడిచాడు. బస్టాండు దాకా అదే కొట్టాను.

కాబట్టి నీకు రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, అడిగితే నాకేం తెలియదనవచ్చు. మనలాంటివాళ్ళకు అది కూడా ఒక దారి. నువ్వు విడమరిచి చెప్పవద్దు. నీ పద్ధతిలోనే అరిచి పాడు. స్టేషన్‌లో వానపాట ఉండనీ.

రేపే నీ షో. ఇది రేపటికి అందదని తెలుసు. సమ్మెలో ఎల్లుండి నుంచి బస్సులు కూడా బందట. మీ అమ్మను ఫోన్ చేసి చెప్పమన్నాను. చెప్పానన్నది. ఏమని చెప్పిందో తెలియదు.

మట్టయ్య

---

మీర్‌పేట్,
21 సెప్టెంబర్ 2011

మామా,

పై అడ్రసు చూసుకో. రూము ఖాళీ చేశాను. మా బ్యాండులో బేస్ గిటారు వాయించే కృష్ణ వాళ్ళింట్లో ఉంటున్నాను.

నువ్వు ఆగస్టులో రాసినట్టే చేశాను. రెండు పాటలు అరిచాను. మూడోది చాటింపు. సగంలో రవితేజను ఆగమని చెయ్యి ఎత్తాను. వాడికి ముందు చెప్పలేదు, చెబితే ఒప్పుకోడని. డ్రమ్ము మీద చాటింపు దరువు ఒక్కటే కొట్టి, మైకు దగ్గరికి లాక్కుని, తాత చెప్పినట్టే చెప్పాను. ఊరి పేరుతో, తాత పేరుతో, దొర మాటతో సహా. అరవలేదు. జుట్లు ఊపుతున్న పిల్లలు ఆగిపోయారు. ముందు వరుసలో ఒకడు, "నిజంగనేనా అన్నా?" అని అడిగాడు. నిజమే అన్నాను.

వెనక నుంచి గంగాధరరావు మనుషులు కుర్చీలు తన్నుకుంటూ వచ్చారు. హాలు ఓనర్ కరెంటు మెయిన్ ఆపేశాడు. మైకు పోయినా ఇంకోసారి చెప్పాను. తర్వాత పోలీసులు నన్నూ రవితేజనూ జీపు ఎక్కించారు. ఎస్సై వానపాట కాగితం ముందు పెట్టుకుని, "వాన అన్నవ్ గదరా. ఏడ పడ్డది వాన?" అన్నాడు. కానిస్టేబుళ్ళు నవ్వారు. మంగలిని పిలిపించి ఇద్దరికీ జుట్టు తీయించారు. ఆ సంగతులు ఏ దేశంలోనో అనుకున్నాను.

పట్టాభి గారు పొద్దున వచ్చి ఇద్దరినీ విడిపించారు. బయట నాతో, "నువ్వు చెడ్డవాడివని నేననను బాబూ. ఇక్కడ మేం ఎలా బతుకుతున్నామో నీకు తెలుసు. మా వాడితో ఇక కలవకు" అన్నారు. రవితేజ నా వైపు చూడలేదు. ముందు చెప్పకపోవడం నా తప్పే. షాపులో పని పోయింది.

అయినా నీకు గర్వంగానే రాద్దామనుకున్నాను. ఈలోగా అమ్మ ఫోన్ చేసింది. "మీ మామ ఊరేగింపుల మస్తు గొట్టిండు. దొర గూడ మెచ్చుకున్నడు" అన్నది. ఇంకేమైనా చెప్పమన్నాడా అంటే, "గదే, మంచిగ పాడుమన్నడు" అన్నది.

విడమరిచి చెప్పమని నన్ను పంపి, నువ్వు ఆయన వెనక కొట్టుకుంటూ పోయావు. ఇక రాయడానికి ఏమీ లేదు.

తిరుపతి

---

రాళ్ళకుంట,
29 అక్టోబర్ 2011

తిరుపతికి,

సమ్మె విరమించి బస్సులు తిరిగాక నీ ఉత్తరం వచ్చింది. నేను 17న రాసింది నీ పాత రూముకు పోయి ఉంటుంది. అక్కడికి పోయి అడిగి తీసుకుని చదువు. చదివాక నా మీద కోపం పెట్టుకోవాలో వద్దో నువ్వే చూసుకో. నేను మళ్ళీ అవన్నీ రాయను.

వద్దని నేను రాసింది నీకు అందే లోపే చేసేశావు. నేను చెప్పబట్టి చేశావు. పని పోయింది, స్నేహితుడు పోయాడు. ఆ అబ్బాయికి నేను వేరే ఉత్తరం రాశాను. వాళ్ళ నానమ్మ గారి పేరు మీద పంపుతాను, అడ్రసు నువ్వు ఇవ్వు.

ఇక్కడి సంగతి. పోయిన ఆదివారం ఆటోకు మైకు కట్టుకుని ఊరంతా తిప్పారు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆటో మన ఇంటి ముందు చాలాసేపు ఆగింది. మీ అమ్మను ఏమిటని అడిగాను. "పోలియో చుక్కలట. పిల్లలను దెమ్మంటున్నరు" అన్నది. మన వాకిట్లో నిలబడ్డ పిల్లలు ఎవరూ కదలలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. తర్వాత పంచాయతీ మనిషి వచ్చి ట్యాంకు గది తాళంచెవి తీసుకుపోయాడు. నీ ఫొటో ఆ గదిలోనే ఉండిపోయింది.

సాయంత్రం అండాలమ్మ దగ్గరికి పోయాను. మైకులో ఏం చెప్పారో నోరు కనపడేట్టు ఒక్కొక్క మాటే చెప్పమన్నాను. చెప్పింది. మన ఇంటి బయట నాతో మాట్లాడిన మనిషి ఆ రోజు ఆమె ఒక్కతే.

మా నాయనతో చెప్పించినట్టు ఈసారి మనవాళ్ళతో చెప్పించలేదు. ఎవరో పట్నం పిలగాడి గొంతు రికార్డు చేసి తెచ్చారట. మీ షాపు లాంటి షాపులోదే అయి ఉంటుంది.

నువ్వు మళ్ళీ ఎప్పుడైనా ఆ పాట ఎత్తుకుంటే, ఇవి కూడా తాత మాటల కింద పెట్టు. అరిచి చెబుతావో విడమరిచి చెబుతావో నీ ఇష్టం. ఆ సంగతి చెప్పడానికి నేను ఎవరినీ కాను. మాటలు మాత్రం మార్చవద్దు.

"రాళ్ళకుంట గ్రామ ప్రజలకు తెలియజేయునది. ఉద్యమ ద్రోహి మట్టయ్యను నీళ్ళ ట్యాంకు పని నుంచి తీసేసినం. నీళ్ళ గురించి ఎవ్వలు మట్టయ్య ఇంటికి పోవద్దు. మట్టయ్యతోని మాట్లాడొద్దు. జై తెలంగాణ."

మామ